పెద్ద ఇంజనుకీ చిన్న ఇంజనుకీ మధ్య నా అరెకరం

మా ఇంట్లో పెద్ద కారు కొనాలన్న నిర్ణయం ఎప్పుడు జరిగిందో నాకు తెలియదు. నిర్ణయాలు జరిగేటప్పుడు నేను సాధారణంగా పొయ్యి దగ్గరో నారుమడిలోనో ఉంటాను. అన్నీ అయిపోయాక కాఫీ ఇవ్వడానికి వెళ్తే సంగతి తెలుస్తుంది. ఆ రోజూ అంతే. కోల్డ్ స్టోరేజీలో దాచిన మిర్చికి శ్రావణంలో మంచి ధర పలికింది. గుంటూరు యార్డు నుంచి తిరిగొచ్చిన మా ఆయనా, పక్కింట్లోనే ఉండే మా మరిదీ వసారాలో కూర్చుని ఏదో కాగితం మీద వంగిపోయి ఉన్నారు. కొత్త బోరు వేస్తారేమో అనుకున్నాను. గ్లాసులు పెడుతూ చూస్తే కారు బొమ్మ.

ఏడుగురు కూర్చునే బండి. ఇంట్లో ఉండేది మేమిద్దరం. మిగతా అయిదు సీట్లలో ఎవరు కూర్చుంటారని అడిగితే, మా ఆయన 'పరువు' అని నోటితో అనలేదు గానీ ముఖం అలాగే పెట్టాడు.

అసలు కథ పోయినేడు మొదలైంది. మా మరిది తెల్లటి పెద్ద బండి కొన్నాడు. డీజిలు, అందులోనూ అన్నిటికంటే పెద్ద ఇంజను, నాలుగు చక్రాలూ ఇంజను బలంతోనే తిరిగే రకం. తమ్ముడి బండి కన్నా అన్న బండి ఒక్క మెట్టు తగ్గినా ఊళ్ళో తలెత్తుకోవడం కష్టం కాబట్టి, కనీసం సమానమైనదైనా రావాలి. ఇదొక్కటే కారణం. మిగతా కారణాలన్నీ నేను అడిగాక కనిపెట్టినవి.

నేను ఎందుకు అడగాల్సి వచ్చిందంటే, మిర్చి డబ్బుతో చిన్న ఇంజను బండి హాయిగా వచ్చేస్తుంది. పెద్ద ఇంజనుకి ఇంకా కొంత కావాలి. ఆ కొంత ఎక్కడుందో మా ఆయన నా వంక చూడకుండా, కాఫీ గ్లాసుకి చెప్పాడు.

"దొంక పక్క అరెకరం ఉందిగా."

దొంకంటే చేలకి పోయే బండ్ల బాట. దాని పక్కన అరెకరం నాది. పెళ్ళినాడు మా అమ్మ పసుపు కుంకుమ కింద నా పేరున రాసిచ్చింది. మా ఆయన చేలల్లో ఎక్కడ బోరు వేసినా ఉప్పు నీళ్ళే. నా అరెకరంలో మాత్రం తీపి. ఎందుకో ఆ భూమికే తెలియాలి. మిరప నారు ఉప్పు నీళ్ళకి బతకదు, అందుకని ఏటా నారు అక్కడే పోస్తాను. మా చేలకీ, చుట్టుపక్కల అడిగినవాళ్ళకీ అక్కడి నుంచే పోతుంది. పక్క చేను ఆసామికి ఆ నీళ్ళ మీద ఎప్పటినుంచో కన్ను. అడిగితే చాలు, రేపే కొంటానని కూర్చున్నాడు.

కాకపోతే కాగితంలో పేరు నాది. సంతకం నేను పెట్టాలి. అక్కడొచ్చింది చిక్కు.

వేలిముద్ర రోజుల్లో ఇలాంటి చిక్కులు ఉండేవి కావు. అప్పట్లో నన్ను అడిగేవాళ్ళు కాదు, నా వేలిని అడిగేవాళ్ళు. బొటనవేలు సిరాలో ముంచి, చూపించినచోట ఒత్తి, కొంగుకి తుడుచుకుని వంటలోకి వెళ్ళిపోయేదాన్ని. ఎన్ని కాగితాల మీద ఏమేం ఒప్పుకున్నానో ఆ వేలికి కూడా తెలియదు. యాభై దాటాక, పొదుపు సంఘం ఆడవాళ్ళతో కలిసి అంగన్‌వాడీ వసారాలో సాయంత్రాలు అక్షరాలు దిద్దాను. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నేను చదివిన మొట్టమొదటి రచన ఒక పురుగుమందు సీసా. దాని మీద రాసినదానికి మేము కొట్టేది రెండింతలని అప్పుడు తెలిసింది. మా ఆయనకి చెప్తే, "అది రాసినోడు మన పురుగుని చూశాడా?" అన్నాడు. అప్పటినుంచి రాసి ఉన్న ప్రతిదీ చదవడం నాకూ, రాసి ఉన్న దేన్నీ నమ్మకపోవడం ఆయనకీ అలవాటైపోయింది.

"సంతకం పెడతాను," అన్నాను. "పెద్ద ఇంజను మనకెందుకో ఒక్క కారణం చెప్పండి. ఒక్కటి చాలు."

ముందు మా మరిది అందుకున్నాడు. "పికప్పు వదినా! కాలు పెట్టి తొక్కితే సీటుకి అతుక్కుపోవాల్సిందే."

"అతుక్కోవడం ఎందుకయ్యా, మామూలుగా కూర్చుంటే కుదరదా?"

"అట్టా కాదు. రోడ్డు మీద లారీని దాటాలంటే ఇంజన్లో దమ్ముండాల."

"ఆ లారీ పోయేదీ యార్డుకే, మనం పోయేదీ యార్డుకే. ముందుపోయినోళ్ళకి మిర్చి ధర పెంచుతారా?"

మరిది అన్న వైపు చూశాడు. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "లోడు లాగుద్దే. ఎంత లోడైనా సరే, లెక్క చెయ్యదు."

"ఏం లోడు?"

మా మరిది బండి కొని ఏడాది దాటినా సీట్లకి ప్లాస్టిక్ తొడుగులు తియ్యలేదు. పోయిన ఎండల్లో ఒకసారి నేను చిన్న సంచెడు ఎండుమిరపకాయలు వెనక పెడితే, "ఏసీలోకి ఘాటు పోతే బండి మొత్తం తుమ్ముద్ది వదినా" అని నన్నూ సంచినీ ఆటో ఎక్కించాడు. మిర్చి బస్తాని మా వైపు టిక్కీ అంటాం. టిక్కీలు మోసేది ట్రాక్టరు. ఈ బండి మోయాల్సిన లోడల్లా మేమిద్దరం. ఇద్దరం కలిసి తూకమేసుకున్నా మూడు టిక్కీలకి మించం. ఆ మూడు టిక్కీలకి అన్ని గుర్రాల బలం కావాలట. మా ఇంట్లో ఒకప్పుడు రెండే ఎడ్లు ఉండేవి. ఇరవై టిక్కీలు లాగి, ఇంటికొచ్చి చిట్టు నీళ్ళు తాగి పడుకునేవి. వాటి గురించి ఎవరూ బొమ్మల కాగితం అచ్చెయ్యలేదు.

అప్పుడు మా ఆయనకి మూడో కారణం తట్టింది. "దొంక!" అన్నాడు, దేవుడు కనిపించినట్టు. "వానాకాలం మన దొంకలో కాలు పెట్టగలవా? పెద్ద బండి నాలుగు చక్రాలూ తిప్పుకుంటా పోద్ది. గట్టు దాకా పోద్ది. చిన్నదాని వల్ల కాదు."

ఇది కారణమే. నేను కాదనలేను. మా దొంకంతా నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే చెప్పుకి చెప్పంత బరువు మట్టి అంటుకుంటుంది, పది అడుగులు వేసేసరికి చెప్పు అక్కడే ఉంటుంది, మనం ముందుకి పోతాం. నేను వానాకాలమంతా నారుమడికి చెప్పులు చేత పట్టుకునే వెళ్తాను.

"సరే. చూద్దాం," అన్నాను.

చూద్దాం అంటే ఒప్పుకున్నట్టేనని మా ఇంట్లో మగవాళ్ళ లెక్క. రెండో రోజే నన్ను మరిది బండి ముందు సీట్లో కూర్చోబెట్టి గుంటూరు షోరూముకి తీసుకెళ్ళారు. ఆ బండిలో నాకు ముందు సీటు దొరకడం అదే మొదలు. సంతకం పెట్టే చేతికి ఏసీ బాగా తగలాలని కాబోలు, గాలి రెక్క కూడా నా వైపే తిప్పారు.

షోరూములో బండి చూపించింది ఒక ఆడపిల్ల. చురుకైన పిల్ల. మూడు రకాల ఇంజన్లున్నాయని చెప్పింది. ఒకటి పెట్రోలు, అన్నిటికంటే ధర తక్కువ. రెండోది డీజిలు, కాస్త తక్కువ బలం. మూడోది అదే డీజిలు, ఎక్కువ బలం, నాలుగు చక్రాలూ తిరిగేది. నేను సంచిలోంచి నోటుపుస్తకం తీసి ఒక్కొక్కటీ రాసుకోవడం మొదలుపెట్టాను. నాకు రాయడం నిదానం. ఆ పిల్ల నేను రాసేదాకా ఆగి మళ్ళీ చెప్పేది.

మా ఆయన పూర్వం ఎడ్లు కొనేటప్పుడు నోరు తెరిపించి పళ్ళు చూసేవాడు. ఇప్పుడు బానెట్ ఎత్తమన్నాడు. లోపల ఇంజను మొత్తాన్నీ నల్లటి ప్లాస్టిక్ మూత కప్పేసి ఉంది. ఆ మూతని చుట్టూ తిరిగి చాలాసేపు పరిశీలించి, "గట్టిదే" అన్నాడు.

పిల్ల పెట్రోలు బండిలో కూర్చుని బటను నొక్కింది.

"స్టార్టు చెయ్యమ్మా," అన్నాడు మా ఆయన.

"చేశాను సార్."

"సౌండేది?"

"అదే సార్ దీని గొప్పతనం. అసలు వినపడదు."

మా ఆయన ముఖం వాడిపోయింది. సెంటర్లో నలుగురూ కూర్చుని ఉండగా వాళ్ళకి వినపడకుండా వెళ్ళిపోవడానికి కారు కొనడం ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. "పెట్రోలు స్కూటీలకి బాగుంటది," అని పక్కకి జరిగాడు.

"రోజుకి ఎంత దూరం తిరుగుతారు సార్?" అడిగింది పిల్ల.

"తిరుగుతానే ఉంటాం."

"వారానికోసారి యార్డుకి," అన్నాను నేను. "మిర్చి అయిపోతే అదీ లేదు."

ఆ పిల్ల ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే పెట్రోలు సరిపోతుంది కదమ్మా. డీజిలు బండి అప్పుడప్పుడూ దూరం పరిగెత్తాలి. ఊరికే ఉంచితే పొగగొట్టంలో మసి పట్టేస్తుంది."

"నీకు తెలవదులే అమ్మా," అన్నాడు మా మరిది. "రైతన్నాక డీజిలే."

అది మా వాళ్ళకి సిద్ధాంతం. ట్రాక్టరు తాగేది డీజిలు. ఇంట్లో డ్రమ్ములో ఉండేది డీజిలు. మా మరిదికి చిన్నప్పుడు ఉగ్గులో కాస్త డీజిలు కూడా కలిపి ఉంటారని నా అనుమానం.

పిల్ల ఊరుకోకుండా ఇంకో మాట చెప్పింది. "డీజిలుకి ఇంకొకటి కూడా ఉంది సార్. ఇదిగో ఈ నీలం మూత. ఇందులో విడిగా యూరియా ద్రావణం పోయించుకోవాలి. పొగలో విషం తగ్గడానికి."

యూరియా అన్న మాట వినగానే అన్నదమ్ములిద్దరూ పరాయి ఊళ్ళో సొంత బావమరిది కనపడినట్టు ఒకరినొకరు చూసుకున్నారు.

"యూరియానా!" అన్నాడు మా ఆయన. "అదెంత భాగ్యం. ఇంట్లోనే ఉందిగా."

"అది కాదు సార్, ఇది వేరే. డబ్బాల్లో వస్తుంది. పొలం యూరియా పొయ్యకూడదు..." అని పిల్ల చెప్పేలోపు వాళ్ళు టైర్ల దగ్గరికి వెళ్ళిపోయారు. వినడానికి నేనొక్కదాన్నే మిగిలాను. పుస్తకంలో రాసుకున్నాను: చేలో చల్లే యూరియా పొయ్యరాదు. పోసిన బండి ఆగును. కింద గీత కూడా గీశాను.

మరిది బండికి ఏడాదిగా సర్వీసువాళ్ళే ఆ ద్రావణం పోస్తున్నారట. నీలం మూత ఒకటుందని మరిదికి షోరూములోనే తెలిసింది. తెలియడమే కొంప ముంచింది. వారం తిరక్కుండానే ఆ బండిలో ఏదో ఎర్రదీపం వెలిగింది. ద్రావణం అయిపోవచ్చిందని దాని అర్థం.

అవి ఊరంతా యూరియా కోసం సొసైటీ ముందు చెప్పులు క్యూలో పెట్టి నిలబడే రోజులు. మా మరిది కూడా తెల్లారకుండా పోయి, నిలబడి, పత్తికని ఒక బస్తా తెచ్చుకున్నాడు. ఆ బస్తా ఇప్పేసరికి పత్తికి కాదు, బండికి ముహూర్తం కుదిరింది. పెరట్లో బకెట్టు పెట్టి, ఉప్పు బోరు నీళ్ళు పోసి, దోసిళ్ళతో యూరియా వేసి, కర్రతో తిప్పుతున్నాడు. యూరియా గింజలకి ఇప్పుడు వేపనూనె పూసి ఇస్తున్నారు కదా, నీళ్ళ మీద తెట్టు కట్టి పెరడంతా వేప వాసన. మా ఆయన పాత పంచె తెచ్చి వడకట్టడానికి పట్టుకున్నాడు. ఇద్దరూ ఎంత శ్రద్ధగా చేశారో చెప్పలేను. పెళ్ళి పానకానికి కూడా అంత వడపోత చూడలేదు.

నేను నోటుపుస్తకం తెచ్చి ఆ పేజీ చదివి వినిపించాను.

"నీ పుస్తకంతో బళ్ళు నడవవు వదినా," అన్నాడు మరిది, కర్ర ఆపకుండా.

"అదంతా వ్యాపారమే పిచ్చిదానా," అన్నాడు మా ఆయన. "అదే సరుకు డబ్బాలో పోసి, పేరు మార్చి, పదింతలకి అమ్ముతారు. పురుగుమందుల్లో చూళ్ళా?"

నిజం ఒప్పుకోవాలి. ఆ మాటలో తప్పేమీ లేదు. ఒకే మందుని అయిదు పేర్లతో అయిదు కొట్లలో కొని, అయిదుసార్లూ పురుగు చేత నవ్వించుకున్నవాళ్ళం మేము. ఈసారైనా మోసపోకూడదని వాళ్ళ పట్టుదల. మోసం చెయ్యనివాడు కూడా లోకంలో ఒకడుంటాడని, అతను తప్పిపోయి బండి ఇంజను దగ్గర తగులుతాడని ఎవరు మాత్రం అనుకుంటారు.

నేను ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందేమో. ఆ పాపం ఎంత ఉంటే అంత నా ఖాతాలోనే రాసుకుంటాను.

ద్రావణం పోశారు. దీపం ఆరిపోయింది. "చూశావా వదినా, కంపెనీవాడి నోరు మూయించాం!" అని మా మరిది వీధిలో కనపడిన ప్రతివాడికీ బకెట్టు కథ చెప్పాడు. ఊళ్ళో డీజిలు బళ్ళున్న మరో ఇద్దరు కొలతలు కూడా రాసుకుపోయారు.

ఆ ఊపులోనే మా ఆయన నా అరెకరం ఆసామికి అమ్మేటట్టు అగ్రిమెంటు కాగితం రాయించుకొచ్చి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, మందు వేళల్లాగా అడగడం మొదలుపెట్టాడు. "కారణం చెప్పమన్నావు, చెప్పా. ఇంకేంది?"

"చెప్పడం కాదు, చూపించండి," అన్నాను. "తమ్ముడి బండిలో ఉన్నది అదే ఇంజను, అవే నాలుగు చక్రాలు. వాన పడ్డాక నన్ను అందులో కూర్చోబెట్టి, దొంక మీదుగా నా అరెకరం దాకా తీసుకెళ్ళండి. దిగబడకుండా చేరితే అక్కడే గట్టు మీద సంతకం పెడతాను. దిగబడిందా, ఆ కాగితం మళ్ళీ నా ముందుకి రాకూడదు."

ఇద్దరూ ఎగిరి గంతేశారు. నాకూ లోపల సంతోషంగానే ఉంది. ఆ దొంకలో ట్రాక్టర్లు రెండేసి రోజులు కూరుకుపోయి ఉండటం నేను చూశాను. నేను పందెం కాసింది ఇంజను మీద కాదు, బురద మీద. ముప్పై అయిదేళ్ళుగా నాకు తెలిసిన బురద.

రెండు రోజులు కుండపోతగా కురిసి, మూడో రోజు మధ్యాహ్నం తెరిపిచ్చింది. నారుమడిలో ఆడవాళ్ళు నారు పీకుతున్నారు. మామూలుగా అయితే పొద్దున్నుంచీ నేను వాళ్ళతోనే ఉండాలి. ఆ రోజు మాత్రం దొరసానిలా కారెక్కాను. ఎక్కేముందు నా కాళ్ళ కింద మా మరిది పాత పేపర్లు పరిచాడు. బురదలో దమ్ము చూపించబోయే బండిలో కాళ్ళ మట్టి పడకూడదట.

బండి కదిలాక ముందున్న తెర మీద మళ్ళీ ఎర్రదీపం, దాని పక్కన ఒక అంకె కనిపించాయి. అంకెలు నాకు అక్షరాల కన్నా ముందే వచ్చు. మేము ముందుకి పోయేకొద్దీ ఆ అంకె తగ్గుతోంది.

"అదేందయ్యా, తరిగిపోతంది?"

"సర్వీసుకి రమ్మని గుర్తు చేస్తంది వదినా. వాళ్ళకి పని లేనప్పుడల్లా అది వెలుగుద్ది," అన్నాడు. నేనూ వదిలేశాను. నా కళ్ళు బురద మీదున్నాయి.

దొంకలో దిగాం. మొదటి మలుపు దగ్గర బండి అడ్డంగా జారింది. నేను పైనున్న పిడి పట్టుకుని మనసులో నవ్వుకున్నాను. ఇంకొంచెం ముందు, ట్రాక్టరు ట్రక్కు కూరుకుపోయే గుంట ఒకటుంది. అందులో చక్రాలు ఊరికే తిరిగాయి. బురద అద్దాల మీదికి లేచింది. అయిపోయిందనుకున్నాను. మా మరిది ఏదో మీట తిప్పాడు. ఇంజను గొంతు మారింది. అరవలేదు, గురగురలాడింది. ఒక్కొక్క చక్రమే పట్టు వెతుక్కుని, కిందనుంచి ఎవరో భుజం ఆనించినట్టు, బండి గుంటలోంచి పైకి లేచి గట్టు దారి పట్టింది.

ఆ ఇంజన్ని మెచ్చుకోక తప్పదు. ఇన్నేళ్ళ నా బురదని అది ఒక్క గురకతో దాటేసింది. అద్దంలోంచి నా నారుమడి కనపడుతోంది. పచ్చగా, అరచేయంత ఎత్తున, సమంగా. బోరు గొట్టం దగ్గర ఆడవాళ్ళ బువ్వ గిన్నెలు. అదంతా ఇంకొకరిది అవుతుందని అప్పటిదాకా నేను నిజంగా అనుకోలేదు.

గట్టు పక్క బండి ఆపి, ఇంజను కట్టేసి, మా మరిది పెళ్ళికొడుకులా దిగాడు. నారు పీకేవాళ్ళు నడుములు ఎత్తి చూస్తున్నారు. మా ఆయన కాగితం తీసి బానెట్ మీద పరిచాడు.

"వచ్చిందా? రాలేదా?"

"వచ్చింది."

"దిగబడిందా?"

"లేదు."

"మరి పెట్టు."

"చదివి పెడతాను," అన్నాను. మాట మాటే, కానీ చదవకుండా పెట్టే రోజులు పోయాయి. ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివాను. తూర్పు దొంక. పడమర ఆసామి చేను. అందులోని బోరు, మోటారు, గొట్టాలతో సహా. 'తీపి నీళ్ళు' అని ఎక్కడా రాయలేదు. ఆ మాటకి ధర కట్టడం దస్తావేజు రాసినవాడికి రాదు కాబోలు.

నేను సగంలో ఉండగా మళ్ళీ మబ్బు పట్టింది. "వానొచ్చేలోపు బండి తిప్పి పెడతా," అని మా మరిది ఎక్కి బటను నొక్కాడు.

ఏమీ కాలేదు.

మళ్ళీ నొక్కాడు. దిగి, తలుపులు తాళం వేసి, తాళం తీసి, ఎక్కి నొక్కాడు. బానెట్ మీద నేను చదువుతున్న కాగితాన్ని తీసి నా చేతికిచ్చి, మూత ఎత్తి, లోపలి ప్లాస్టిక్ మూత మీద రెండు దెబ్బలు వేశాడు. ట్రాక్టరుకైతే ఆ వైద్యం పని చేస్తుంది. తెర మీద అంకె సున్నా అయి కూర్చుంది.

"ఏంది బావా, బండికి తెగులా?" అంది నారు పీకేవాళ్ళలో ఒకామె.

"మందు కొట్టాలేమో, డ్రమ్ము తెప్పించండి," అంది ఇంకొకామె.

మా మరిది సర్వీసు వాళ్ళకి ఫోన్ చేశాడు. చేతులు బురద కావడంతో స్పీకరు పెట్టి బానెట్ అంచు మీద ఉంచాడు. అందుకని అందరికీ వినపడింది.

"ఎర్రదీపం ఎప్పటినుంచి వెలుగుతోంది సార్?"

"నాలుగు రోజుల్నుంచి."

"నీలం మూత ట్యాంకులో ఏం పోశారు సార్?"

"అదే... యూరియా."

"ఏ యూరియా సార్?"

మా మరిది ఆకాశం వైపు చూశాడు. నారుమడిలోంచి జవాబొచ్చింది: "సొసైటీదే!"

ఫోన్లో అవతలివాడు నవ్వుతూ చెప్పాడో ఏడుస్తూ చెప్పాడో తెలియదు. ద్రావణం సరైనది కాదని బండి కనిపెట్టేసిందట. చివరి కిలోమీటరు దాకా గడువిచ్చి ఆగిపోయిందట. ఇక కదలదు. లాక్కుని రావాలి, ట్యాంకు దించి కడగాలి, ఇంకా ఏమేం పాడయ్యాయో విప్పితే గానీ తెలియదు.

ఫోన్ పెట్టేసి మా మరిది తేల్చాడు. "తప్పు యూరియాది కాదు అన్నా. మన ఉప్పు నీళ్ళది. ఈ వదిన బోరు నీళ్ళు కలిపుంటే నడిచేది."

ఆడవాళ్ళు నారు కట్టలు వదిలేసి నవ్వారు. మా ఆయన నవ్వలేదు. గట్టు మీద కూర్చున్నాడు. ట్రాక్టరు ఎక్కడో అవతలి చేలో ఉంది, అది రావడానికి చాలాసేపు పడుతుంది. మూత ఎత్తిన బండినీ, నా చేతిలో ఉన్న కాగితాన్నీ చూస్తూ ఉండిపోయాడు.

నేను మిగతా సగం చదివాను. పూర్తయ్యాక పెన్ను తీశాను. బండి ఆగిపోతే ఏమవుతుందో మా పందెంలో లేదు. చేరాలన్నాను, చేరింది. మాట తప్పడానికి నాకు దారి కనపడలేదు. ఆయన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

"చదవడం అయింది. ఎక్కడ పెట్టాలి?"

ఆయన కాగితం అందుకున్నాడు. దాన్ని చూడలేదు. బండిని చూశాడు, మోకాళ్ళ దాకా మట్టితో ఫోన్లు చేసుకుంటున్న తమ్ముణ్ణి చూశాడు.

"ఇప్పుడేం తొందర. చేతులు తడిగా ఉన్నాయి, సిరా పాకుద్ది."

"తుడుచుకున్నాను."

"తుడుచుకున్నా పాకుద్ది," అని కాగితం నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకున్నాడు. లేచి బోరు దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు. దోసిలి పట్టి నీళ్ళు తాగాడు. ఇంకో దోసిలి తాగాడు.

సాయంత్రానికి మా పాత ట్రాక్టరు వచ్చి, మోకు కట్టి, ఆ పెద్ద ఇంజన్ని దొంక గుండా ఊళ్ళోకి లాక్కుపోయింది. స్టీరింగు దగ్గర మా మరిది తలవంచుకుని కూర్చున్నాడు. ఊరు ఊరంతా అరుగుల మీదికొచ్చి చూసింది. కొలతలు రాసుకుపోయిన ఇద్దరూ మాత్రం ఆగి చూడకుండా ఇళ్ళకి పరిగెత్తారని విన్నాను.

మర్నాడు పొద్దున్నే పక్క చేను ఆసామి వచ్చాడు. అగ్రిమెంటు సంగతి తేల్చమన్నాడు. నేను కిటికీ ఇవతల బియ్యం ఏరుతున్నాను.

"నాదేముంది బావా," అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి. తగ్గించినా వీధి చివరికి వినపడే గొంతు. "నా చేతిలో పనైతే నిన్ననే అయిపోను. మా ఆవిడ పడనివ్వట్లా. ముందులాగా కాదుగా, చదువుకుంది. చచ్చినా సంతకం పెట్టనని కూర్చుంది."

"అదే బావా, ఆడోళ్ళకి నాలుగక్షరాలు వచ్చినాయా, ఇంక వాళ్ళతో ఏగలేం," అని ఆసామి ఓదార్చాడు.

చేట పక్కన పెట్టి, బయటికి వెళ్ళి, 'పెన్ను పట్టుకుని నిలబడింది నేను, వద్దన్నది ఈయన' అని చెప్పవచ్చు. చెప్తే మా ఆయన పరువు పోతుంది, నా అరెకరం కూడా పోతుంది. రెండు నష్టాలు ఒకేసారి ఎందుకని బియ్యంలో రాళ్ళు ఏరుకున్నాను. మధ్యాహ్నానికి ఊరంతా తెలిసిపోయింది. నారు పీకేవాళ్ళు కూడా, పక్కనే నిలబడి అంతా చూసినవాళ్ళు, "మొగుడికి ఎదురు తిరిగావంటగా అక్కా, నిజమేనా?" అని కళ్ళు చికిలించి అడిగారు. నిజమేనన్నాను.

ఆ సాయంత్రం మా ఆయన షోరూముకి ఫోన్ చేసి పెట్రోలు బండి కావాలని చెప్పాడు. డీజిలు అనుకున్నారు కదా సార్, ఎందుకు మార్చుకున్నారని ఆ పిల్ల అడిగినట్టుంది.

"ఏం చేస్తామమ్మా," అన్నాడు. "మా ఇంట్లో మా ఆవిడ మాటే చెల్లుద్ది."

చెల్లింది. కాకపోతే ఆ మాట నేను అనలేదు.